వేషము, వంచన: 'మిస్సమ్మ' చిత్రముపై ఒక పరిశీలన

1953లో బళ్ళారి జిల్లానుండి కర్నూలు జిల్లాలో చేరిన ఆదోని తాలూకా జనులకు, ఎమ్మిగనూరు వారితో సహా, పగటివేషములు క్రొత్తవి కావు. వేషగాడు ముందు నమ్మించును. పిదప గుట్టు తానే విప్పి సంభావన గ్రహించును. ఎల్.వి. ప్రసాదు దర్శకత్వమున 1955లో వెలువడిన 'మిస్సమ్మ'లో ఈ క్రమము తలక్రిందైనది. ఎం.టి. రావు, మేరీ ఉద్యోగమునకై దంపతులుగా నటింతురు. గుట్టు బయటపడినచో జీతము పోవును.

దీనిని కేవల ప్రహసనమనువారితో మేము ఏకీభవింపజాలము. వారిచే వేషము కట్టించినది దుర్బుద్ధి కాదు, నిరుద్యోగము. మోసపోయిన జమీందారు సజ్జనుడగుటచే మన నవ్వులో కొంత సంకోచము కలుగును. ఐనను మేరీయే ఆయన తప్పిపోయిన కూతురని తేల్చి, కథ ఆ ఋణమును తీర్పకయే మాపినది. పగటివేషగాడు అడిగి పొందు మన్ననను ఈ చిత్రము చుట్టరికముచే సంపాదించినది. హాస్యము నిండుగా పండినను, వంచనను గూర్చిన ప్రశ్న మిగిలియే యున్నది.