మూసిన తలుపుల వెనుక సాక్ష్యం: "క్లోజ్డ్ సర్క్యూట్" చిత్రం, విమర్శకుల తీర్పు

ఒక చిత్రాన్ని విమర్శకులు తిరస్కరించినప్పుడు ఆ తిరస్కారం సరైనదా కాదా అన్నది ఒక ప్రశ్న. అందుకు వారు చూపిన కారణాలు సరైనవా కావా అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపివేయడం విద్యార్థుల విమర్శ వ్యాసాలలో తరచు కనిపించే దోషం. 2013లో వచ్చిన బ్రిటిష్ చిత్రం "క్లోజ్డ్ సర్క్యూట్" ఈ భేదాన్ని తెలుసుకోవడానికి చక్కని ఉదాహరణ.

ఈ చిత్రానికి దర్శకుడు జాన్ క్రౌలీ. రచయిత స్టీవెన్ నైట్, అంతకుముందు "డర్టీ ప్రెట్టీ థింగ్స్" (2002), "ఈస్టర్న్ ప్రామిసెస్" (2007) చిత్రాలలో లండన్ నగరపు చీకటి కోణాలను చూపినవాడు. ఎరిక్ బానా, రెబెకా హాల్, జిమ్ బ్రాడ్‌బెంట్, కియరన్ హైండ్స్, రిజ్ అహ్మద్ ముఖ్య పాత్రధారులు.

కథ లండన్‌లోని బరో మార్కెట్‌లో మొదలవుతుంది. తెర అనేక గళ్లుగా చీలిపోయి, నిఘా కెమెరాల కళ్లతో ఆ సంతను చూపిస్తుంది. ఒక లారీ పేలి 120 మంది మరణిస్తారు. ఫరూఖ్ ఎర్డోగాన్ అనే టర్కీ దేశస్థుణ్ణి నిందితుడిగా పట్టుకుంటారు. అతని తరఫు న్యాయవాది అనుమానాస్పదంగా మరణించగా ఆ స్థానంలోకి మార్టిన్ రోజ్ వస్తాడు. దేశభద్రత పేరిట రహస్యంగా ఉంచిన సాక్ష్యాన్ని పరిశీలించడానికి క్లాడియా అనే మరొక న్యాయవాదిని నియమిస్తారు. ఆమె ఆ సాక్ష్యం చూశాక నిందితుడితో గాని, అతని న్యాయవాదితో గాని మాట్లాడరాదు. వారిద్దరి మధ్య గతంలో ప్రేమ సంబంధం ఉంది. ఆ సంగతి దాచిపెట్టి ఇద్దరూ కేసు స్వీకరిస్తారు. నిందితుడు గూఢచార సంస్థ ఎం.ఐ.5 మనిషేనన్న నిజం బయటపడే కొద్దీ ఇద్దరికీ ప్రాణాపాయం ఏర్పడుతుంది.

చిత్రం 2013 ఆగస్టులో అమెరికాలోను, నవంబరులో బ్రిటన్‌లోను విడుదలైంది. అదే సంవత్సరం జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘా రహస్యాలను వెల్లడించి ఉన్నాడు. ఇంతకంటె అనుకూలమైన సమయం ఏ చిత్రానికీ దొరకదు. అయినా ఆదరణ అంతంతమాత్రమే. సమీక్షలను లెక్కగట్టే రాటెన్ టొమాటోస్ సంస్థ లెక్క ప్రకారం అనుకూల సమీక్షలు సగానికి తక్కువే. నటవర్గాన్ని, వస్తువును మెచ్చుకున్నవారు కూడా కథనాన్ని మెచ్చుకోలేదు. ప్రధానమైన ఆక్షేపణలు మూడు. మొదటిది, 1970లలో అమెరికాలో వచ్చిన "ది పారలాక్స్ వ్యూ" వంటి కుట్ర చిత్రాలలోని ఉత్కంఠ ఇందులో లేదని. రెండవది, ప్రేమకథ చప్పగా ఉందని. మూడవది, కథ నమ్మదగినట్లు లేదని.

మొదటి రెండు ఆక్షేపణలను కాదనలేము. మూడవదానిని మాత్రం సావధానంగా పరిశీలించాలి. నమ్మశక్యం కానిది ఏది? ఒకే టాక్సీ మాటిమాటికీ కథానాయకుడికే ఎదురుకావడమా? లేక తనకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యాన్ని నిందితుడికి చూపించకపోవడమా?

టాక్సీ సంగతి కల్పన. రెండవది చట్టంలో ఉంది. దేశభద్రత పేరిట బహిష్కరించదలచిన వ్యక్తికి తగిన విచారణ హక్కు లేదని 1996లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం బ్రిటన్‌ను తప్పు పట్టింది. దరిమిలా 1997లో చేసిన చట్టంతో అక్కడి వలస వ్యాజ్యాలలో ప్రత్యేక న్యాయవాది పద్ధతి వచ్చింది. ఆ న్యాయవాది రహస్య సాక్ష్యాన్ని చూస్తాడు. చూశాక అనుమతి లేకుండా తాను ఎవరి పక్షాన వాదిస్తున్నాడో వారితోనే మాట్లాడరాదు. ఈ చిత్రం విడుదలకు కొద్ది నెలల ముందు, 2013 ఏప్రిల్‌లో, ఈ పద్ధతిని సివిల్ వ్యాజ్యాలకు కూడా విస్తరింపజేసే చట్టాన్ని బ్రిటిష్ పార్లమెంటు ఆమోదించింది. ఇది స్వభావరీత్యా అన్యాయమని అభ్యంతరం చెప్పినవారిలో ఆ పనిలో ఆరితేరిన ప్రత్యేక న్యాయవాదులే ఉన్నారు.

రచయిత స్వేచ్ఛ తీసుకున్న మాట నిజమే. నేర విచారణలలో ఇటువంటి న్యాయవాదిని నియమించడం అసాధారణ సందర్భాలలోనే జరగాలని 2004లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. ఆ అరుదైన సందర్భాన్నే నైట్ కథకు మూలంగా చేసుకున్నాడు. అరుదైనదాన్ని ఎన్నుకోవడం కథకుడి హక్కు.

మరి చిత్రం ఎక్కడ దెబ్బతిన్నది? క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యం ఇక్కడ మనకు అక్కరకు వస్తుంది. వస్తువు కోరిన రూపం ఒకటి. దర్శకుడు ఇచ్చిన రూపం మరొకటి. ఈ కథలోని అసలు భయం తరుముడులో లేదు. తన జీవితాన్ని నిర్ణయించే మాటలు పక్క గదిలో నడుస్తుండగా, అవి ఏమిటో తెలియక కూర్చున్న మనిషిలో ఉంది. కోర్టులో తన గురించి ఏమి చెబుతున్నారో తెలియకపోవడమంటే ఏమిటో, ఇంటి భాష ఒకటి, కోర్టు భాష మరొకటి అయిన హోసూరు, బళ్లారి, బరంపురం పెద్దలకు కొంత అనుభవమే. కాని ఈ చిత్రంలో ఎర్డోగాన్ దాదాపు ఒక నెపం మాత్రమే. మూసిన గదిలో జరిగే వాదాన్ని సగంలో వదిలి, కెమెరా లండన్ వీధులలో పరుగు తీస్తుంది. మర్యాద తప్పకుండానే బెదిరించే అటార్నీ జనరల్‌గా బ్రాడ్‌బెంట్ కనిపించిన కొద్ది నిమిషాలలో పుట్టిన భయం, ఆ పరుగులన్నింటిలోనూ పుట్టలేదు.

కనుక విమర్శకులు ఉత్కంఠ చాలలేదన్నచోట, ఉత్కంఠను వెతుకుతూ దర్శకుడు తన వస్తువును వదిలేశాడని మనం అనవలసి ఉంటుంది. తీర్పు ఒకటే, కారణం వేరు. వారి కారణాన్ని ఒప్పుకుంటే ఈ చిత్రానికి మందు మరింత వేగం. మన కారణాన్ని ఒప్పుకుంటే మందు మరింత నిదానం.

తరువాతి సంఘటనలు ఈ మాటను బలపరిచాయి. ఒక ఉగ్రవాద కేసును నిందితుల పేర్లు కూడా వెల్లడించకుండా పూర్తిగా రహస్యంగా నడపాలని ప్రాసిక్యూషన్ కోరింది. 2014 జూన్‌లో అప్పీలు కోర్టు పేర్లను వెల్లడించాలని చెబుతూనే, విచారణలో అధిక భాగాన్ని రహస్యంగా జరపడానికి అంగీకరించింది. ఎంపికైన కొద్దిమంది విలేఖరులనే షరతులతో అనుమతించారు. విచారణ జరిగింది ఓల్డ్ బెయిలీలో. నైట్ కథలోని కోర్టు కూడా అదే.

మన దేశానికీ ఇది దూరపు సంగతి కాదు. మీడియా వన్ అనే మలయాళ ఛానెల్‌కు భద్రతా అనుమతి నిరాకరించి, కారణాలను కేంద్రం సీల్డ్ కవర్‌లో కోర్టుకు ఇచ్చింది. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ పద్ధతి సహజ న్యాయసూత్రాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. బ్రిటన్‌లోని ఈ ప్రత్యేక న్యాయవాది పద్ధతిని కూడా ఆ తీర్పు చర్చించింది. లండన్ కథ అనుకున్నది మన న్యాయస్థానాల చర్చలోకే వచ్చింది.

విద్యార్థులకు ఒక మనవి. సమీక్షల శాతాన్ని చూసి చిత్రాన్ని పక్కనబెట్టవద్దు. వస్తువు గొప్పదని శిల్పదోషాన్ని క్షమించవద్దు. "నమ్మలేకపోయాను" అని వ్రాసే ముందు, నమ్మలేనిది కథలో ఉన్నదా, లోకంలో ఉన్నదా అని ఒకసారి విచారించండి. ఈ చిత్రం విషయంలో చాలామంది సమీక్షకులు ఆ విచారణ చేయకుండానే తీర్పు చెప్పారు.