పేరు చెప్పించిన జాబితా

ఎన్నికల గురించి రాసేవాళ్లు నాయకుల గురించి రాస్తారు, పొత్తుల గురించి రాస్తారు, సభలకు తరలివచ్చిన జనం గురించి రాస్తారు. ఓటర్ల జాబితా గురించి రాసేవాళ్లు అరుదు. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన ఆ కాగితాల్లో మన పేరుందా లేదా అని చూసుకుంటాం. ఉంటే వెళ్లిపోతాం, లేకపోతే గొడవపడతాం. అంతకుమించి దానితో మనకు పని ఉండదు. కానీ స్వతంత్ర భారతదేశం ఓపికతో, నేర్పుతో చేసిన పనులు ఏరితే ముందు వరుసలో నిలబడేది ఈ జాబితాయే. ఆడవాళ్ల పేర్లు అందులోకి ఎక్కిన తీరు చూస్తే గుమాస్తా పనిలో ఎంత పనితనం దాగి ఉంటుందో తెలుస్తుంది.

మన దగ్గర ఆడవాళ్లకు ఓటు 1950లో కొత్తగా వచ్చింది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ 1921లోనే వాళ్లకు ఓటు హక్కు ఇచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోవే. అయితే ఆ హక్కు ఆస్తిని బట్టి, కట్టే పన్నును బట్టి వచ్చేది. సొంత పేరున భూమి ఉన్న ఆడవాళ్లు ఎందరుంటారు? 1935 చట్టం ఇంకో మెట్టు దిగి, భర్తకు ఆస్తి అర్హత ఉంటే భార్యకూ ఓటు ఇచ్చింది. చదువు వచ్చినవాళ్లకూ దారి చూపింది. అయినా ఆమె ఓటు ఆయన పొలానికి కట్టిన ఓటే. పైగా చాలాచోట్ల ఆమె తనంతట తాను దరఖాస్తు పెట్టుకుంటేనే పేరు ఎక్కేది. గడప దాటని మనిషి కచేరీకి వెళ్లి దరఖాస్తు ఎలా పెడుతుంది? అందుకే ఆ జాబితాల్లో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండేవారు.

1947 చివర్లో రాజ్యాంగ సభ సచివాలయం ఈ పద్ధతిని తిరగేసింది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు, సంయుక్త కార్యదర్శి ఎస్.ఎన్. ముఖర్జీ, వాళ్ల కింద కొద్దిమంది ఉద్యోగులు కలిసి, రాజ్యాంగం ఇంకా చిత్తుప్రతిగా ఉండగానే, ఇరవై ఒకటి నిండిన ప్రతి మనిషి పేరూ రాయించే పనికి పూనుకున్నారు. 1948లో రాష్ట్రాలకు, సంస్థానాలకు ఉత్తర్వులు వెళ్లాయి. మతానికో జాబితా, కులానికో జాబితా లేకుండా ఒక ప్రాంతానికి ఒకే జాబితా అన్నారు. ఓటరు కచేరీకి రావడం కాదు, సర్కారు మనిషే ఓటరు గుమ్మానికి వెళ్లాలన్నారు. విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన శరణార్థులు ‘ఇక్కడే స్థిరపడతాం’ అని రాసిస్తే చాలు, వాళ్ల పేర్లూ చేర్చుకోమన్నారు. చరిత్రకారిణి ఓర్నిత్ షానీ 2018లో వెలువరించిన పుస్తకంలో ఈ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ దుమ్ము దులిపి చూపించారు. ఎక్కడో ఒక మూల నుంచి ఒక సంఘం ఫిర్యాదు రాస్తే, ఢిల్లీలో ఒక గుమాస్తా దాన్ని చదివి, నిబంధన వెతికి, జవాబు రాసేవాడు. అంత పెద్ద పనిని అంత చిన్న చిన్న జవాబులతో కట్టుకొచ్చారు.

ఆ ఇంటింటి తిరుగుడు ఫలితమే 17 కోట్ల 32 లక్షల మంది ఓటర్లు. బ్రిటిష్ కాలపు జాబితాతో పోలిస్తే అయిదు రెట్లకు పైగా. అందులో ఆడవాళ్లు దాదాపు 8 కోట్లు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరం వచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. పేర్లు టైపు చేసి నియోజకవర్గాల వారీగా కూర్చడానికి 16,500 మంది గుమాస్తాలను ఆరు నెలల ఒప్పందం మీద తీసుకున్నారు. అచ్చుకు 3 లక్షల 80 వేల రీముల కాగితం పట్టింది. ఇవన్నీ ఘనమైన అంకెలే. కానీ పనివాడి నేర్పు బయటపడేది అంకెల్లో కాదు, చిక్కుముడి పడ్డచోట. ఆ ముడి ‘పేరు’ అన్న గడి దగ్గర పడింది.

బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్ రాష్ట్రాల్లో నమోదుకు వెళ్లిన ఉద్యోగి గుమ్మంలో నిలబడి ‘మీ పేరేంటమ్మా’ అని అడిగితే లోపలి నుంచి పేరు రాలేదు. ‘ఫలానావాడి తల్లి’ అన్నారు, ‘ఫలానావాడి ఇల్లాలు’ అన్నారు. మొగుడి పేరు నోట పలకని అమ్మమ్మలను మనమూ ఎరుగుదుం. అక్కడ ఆడమనిషి తన సొంత పేరే పరాయి మగవాడికి చెప్పకూడదు. వచ్చినవాడు విన్నది విన్నట్టు రాసుకుని పక్కింటికి వెళ్లాడు. అలా రాసినవి పదులూ వందలూ కాదు, లక్షలకు లక్షలు.

1950 మార్చిలో మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరుగా వచ్చిన సుకుమార్ సేన్ ముందుకు ఈ జాబితాలు వచ్చాయి. ఆయన ఐ.సి.ఎస్. అధికారి, లెక్కల్లో బంగారు పతకం అందుకున్నవాడు, పశ్చిమ బెంగాల్‌కు ప్రధాన కార్యదర్శిగా చేసినవాడు. పని తొందర చూస్తే ఎవరైనా ‘పోనీలే, ఈసారికి ఇలా కానిద్దాం’ అనేవారే. ఆయన పదవి చేపట్టేనాటికి రాజ్యాంగం అమల్లోకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, ఎన్నికలు ఎప్పుడని దేశమంతా అడుగుతోంది. అయినా ఆయన కుదరదన్నాడు. ఆ వర్ణనలు తీసేసి అసలు పేర్లు రాయమన్నాడు.

దీనికి ఉన్న మొదటి కారణం శుద్ధ వ్యవహారం. పోలింగు బూత్‌లో అధికారి జాబితా చూసి పిలుస్తాడు. ‘రామ్‌సింగ్ భార్య’ అని పిలిస్తే వచ్చినావిడ ఆమేనని ఎలా పోల్చుకోవాలి? రామ్‌సింగ్‌కు ఇద్దరు భార్యలుంటే? ఊళ్లో ముగ్గురు రామ్‌సింగ్‌లుంటే? ఒకరి ఓటు ఇంకొకరు వేసి పోతే అడిగే దిక్కుండదు. పేరు లేని పద్దు దొంగ ఓటుకు తెరిచిన తలుపు. రెండో కారణం ఇంకా లోతైనది. ఓటు మనిషికి ఇచ్చారు, చుట్టరికానికి ఇవ్వలేదు. ‘ఫలానావాడి భార్య’ అని జాబితాలో రాస్తే ఆ ఓటు మళ్లీ ఫలానావాడిదే అవుతుంది, 1935 నాటి లెక్కే తిరిగి వస్తుంది.

సవరణ కోసం బీహార్‌కు నెల రోజులు గడువు పెంచారు. ఉద్యోగులు మళ్లీ గడప గడపకూ వెళ్లారు. చివరికి పేరు చెప్పని 28 లక్షల మందిని జాబితా నుంచి కొట్టేయక తప్పలేదు. దాని మీద గోల లేచింది. సేన్ తన నివేదికలో ఆ గోల మంచిదేనన్నాడు. మళ్లీ ఎన్నికలు వచ్చేలోగా ఆ ఆచారం సడలుతుందని ఆయన నమ్మకం.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా అనుకోవాలి. ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించింది ఆచారం పెట్టిన పెద్దలు కాదు, ఆ 28 లక్షల మంది ఆడవాళ్లు. మొదటి ఎన్నికలో వాళ్లకు ఓటు లేకుండా పోయింది. కానీ వాళ్లను ‘భార్య’గా, ‘తల్లి’గా అలాగే ఉంచేసి ఉంటే ఆ మాటలే అచ్చులో స్థిరపడి, తర్వాతి జాబితాలన్నీ వాటినే ఎత్తి రాసేవి. దర్జీ మొదటి కొలతలో చేసిన తప్పు చొక్కా అంతటా కనిపిస్తుంది. సేన్ మొదటి కొలతే సరిగ్గా తీశాడు. పైగా ఆడవాళ్లు రావడానికి ఇబ్బంది పడకుండా దేశమంతటా పెట్టిన 1,96,084 బూత్‌లలో 27,527 వాళ్లకే కేటాయించారు. పేరు విషయంలో కట్టుదిట్టం, దారి విషయంలో వెసులుబాటు. ఈ రెండూ తెలిసి కలిపినవాడే మంచి పనివాడు.

ఇప్పుడు మన ఊరి జాబితా తీసి ఒక్క గడి చూద్దాం. పైన వరుస సంఖ్య, ఓటరు కార్డు నంబరు. కింద పేరు. దాని కింద ‘భర్త పేరు’ లేదా ‘తండ్రి పేరు’. ఆ తర్వాత ఇంటి నంబరు, వయస్సు, లింగం. భర్త ఇప్పటికీ ఉన్నాడు, కానీ రెండో వరుసలో, ఆనవాలుగా మాత్రమే. మొదటి వరుస ఆమెది. పేరు కోసం ఆనాడు జరిగిన పోరాటమంతా ఆ రెండు వరుసల క్రమంలో ఉంది.

అదే కాగితంలో కొన్ని గడుల మీద అడ్డంగా ‘తొలగించబడినది’ అన్న ముద్ర కనిపిస్తుంది. వరుస సంఖ్య పక్కన ఒక ఇంగ్లిషు అక్షరం. ‘ఇ’ అంటే చనిపోయారని, ‘ఎస్’ అంటే ఊరు మారారని, ‘ఆర్’ అంటే రెండుచోట్ల ఉన్నారని. ఈ ‘ఎస్’ దగ్గర ఎక్కువగా చిక్కేది ఆడవాళ్లే. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన పిల్ల పేరు పుట్టింటి జాబితాలో ‘ఎస్’ పడి పోతుంది. అత్తగారి ఊళ్లో ఎవరో ఒకరు దరఖాస్తు పెడితే తప్ప అక్కడ ఎక్కదు. రెండు ఊళ్ల మధ్య ఆమె ఓటు జారిపోతుంది. ఒకప్పుడు పేరు చెప్పక పోయిన ఓటు ఇప్పుడు ఊరు మారి పోతోంది.

ఈ జారుడును పట్టుకోవడానికి ఎన్నికల సంఘం వాడే కొలత చాలా తేలికైనది. వెయ్యి మంది మగ ఓటర్లకు ఎందరు ఆడ ఓటర్లున్నారో లెక్క తీసి, జనాభా లెక్కల నిష్పత్తి పక్కన పెడతారు. ఏ బూత్‌లో అంకె కిందికి జారిందో అక్కడికి బూత్ స్థాయి అధికారిని, అంటే బీఎల్‌ఓను పంపుతారు. ఆ బీఎల్‌ఓ చాలాచోట్ల అంగన్‌వాడీ కార్యకర్తో, టీచరమ్మో. ఏ ఇంటికి కోడలు వచ్చిందో, ఏ పిల్లకు పద్దెనిమిది నిండాయో ఆమెకు తెలిసినంతగా ఏ కంప్యూటరుకూ తెలియదు. 2019 ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద ఈ నిష్పత్తి 926. జాబితాలో ఉండాల్సిన ఆడవాళ్లు 2 కోట్ల పైచిలుకు లేరని ప్రణయ్ రాయ్, దొరాబ్ సోపారివాలా ఆ ఏడాదే తమ పుస్తకంలో అంచనా కట్టారు. 2024కు నిష్పత్తి 946కు పెరిగింది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో 2024లో మగవాళ్లు 2 కోట్ల 3 లక్షలైతే ఆడవాళ్లు 2 కోట్ల 10 లక్షలు. తెలంగాణలోనూ ఆడవాళ్లదే కాస్త పైచేయి.

మరి దీనివల్ల ఎన్నికల్లో ఏం మారింది? 1962 లోక్‌సభ ఎన్నికల్లో మగవాళ్లు నూటికి 63 మంది ఓటేస్తే ఆడవాళ్లు 47 మందే వేశారు. 2019లో మగవాళ్లు 67.01 శాతం, ఆడవాళ్లు 67.18 శాతం. 2024లోనూ ఆడవాళ్లదే రవ్వంత ఎక్కువ. కానీ ఈ శాతం జాబితాలో ఉన్నవాళ్లను బట్టి తీసింది. జాబితాలో లేని మనిషి ఓటు వేయనివాళ్ల లెక్కలోకీ రాదు. శాతంలో ముందున్న 2019లో కూడా నిజంగా పోలైన ఓట్లలో మగవాళ్లవే 2 కోట్లకు పైగా ఎక్కువ. బూత్ దాకా రావడంలో వెనకబాటు తీరింది, జాబితా దాకా రావడంలో ఇంకా తీరలేదు.

బీహార్‌నే చూడండి. పేర్లు కొట్టేయించుకున్న ఆ రాష్ట్రంలో 2010 అసెంబ్లీ ఎన్నికల్లో ఆడవాళ్ల పోలింగు 54 శాతం దాటితే మగవాళ్లది 51 దగ్గర ఆగింది. 2015లో తేడా ఏడు శాతానికి పెరిగింది. మగవాళ్లు వలస వెళ్లడం కూడా దీనికి ఒక కారణమే, కాదనలేం. అయినా బడికెళ్లే ఆడపిల్లలకు సైకిళ్లు, 2016లో మద్యనిషేధం అక్కడ రాజకీయాలకు ఇరుసులయ్యాయంటే ఆ వరుసలో నిలబడ్డవాళ్లను చూసే.

మనకు దీని రుచి ముందే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. మరుసటి ఏడాది ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం హామీతో వచ్చి, గెలిచిన వెంటనే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. ఆయన గెలుపంతా ఆ ఒక్క హామీదే అనడం అతిశయోక్తి. కానీ ఆడవాళ్ల ఓటు మొగుళ్ల ఓటుకు నకలు కాదని అన్ని పార్టీలకూ అర్థమైన ఎన్నిక అది. ఇవాళ తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రలో స్త్రీశక్తి పేరిట ఆడవాళ్లకు ఉచిత బస్సు తిరుగుతోందంటే ఆ పాఠం ఇంకా ఎవరూ మర్చిపోలేదన్నమాట. ఓటు వేయడంలో ముందున్న ఆడవాళ్లు 2024లో 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 74 మందే అన్నది ఇంకో కథ. ఆ లోటు టిక్కెట్లు పంచే పార్టీలది, జాబితాది కాదు.

అచ్చయి గోడకెక్కిన జాబితాలో పనివాడి సంతకం ఉండదు. 1948లో ఢిల్లీలో జవాబులు రాసిన గుమాస్తా పేరు, బీహార్‌లో రెండోసారి అదే గడప ఎక్కిన ఉద్యోగి పేరు మనకు తెలియవు. తమ పేరు మిగలకపోయినా కోట్లమంది ఆడవాళ్ల పేర్లు నిలబెట్టిన పని అది. మన ప్రజాస్వామ్యంలో ఇంతకంటే శుభ్రమైన చేతిపని నాకు కనిపించలేదు.

ఆ పనిలో మన వంతు ఒకటి మిగిలి ఉంది. ఈ ఏడాది మీ ఇంటికి కోడలు వచ్చి ఉంటే, లేదా మీ ఇంటి పిల్ల అత్తవారింటికి వెళ్లి ఉంటే, ఆమె ఓటు ఏ ఊళ్లో ఉందో ఇవాళే అడగండి. ఊరు మారితే ఫారం 8, కొత్తగా చేర్పించాలంటే ఫారం 6. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తారీఖులు. ఆనాటికి పద్దెనిమిది నిండితే చాలు. సందేహముంటే మీ బీఎల్‌ఓను కలవండి, లేదా 1950 నంబరుకు ఫోన్ చేయండి.