విసుగొస్తే మార్చే పని

ఆగస్టు 15, కృష్ణాష్టమి, బాలల దినోత్సవం, సంక్రాంతి సంబరాలు, స్కూలు వార్షికోత్సవం. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలున్న ఇళ్లకి ఇవి పండుగలు, నాకు గడువులు. వీటి మధ్య మిగిలిన సందుల్లోనే నా క్రోషా, మగ్గం పని, ఊలు బొమ్మలు బతుకుతుంటాయి. వేషం కుట్టడం మాత్రం దేనికోసమూ ఆగదు. "ఆంటీ, రేపు మావాడు అల్లూరి సీతారామరాజు" అని రాత్రి ఎనిమిదింటికి తలుపు కొట్టిన తల్లితో "నేనిప్పుడు ఊలు కొంగ ముక్కు మీదున్నాను, వచ్చే వారం రామ్మా" అనలేం కదా.

"నిలకడ లేదే నీకు. ఏదో ఒకటి పట్టుకుంటే ఈపాటికి పేరొచ్చేది" అంటుంది మా అక్క. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా ముగ్గులు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు, వాటిలో ఆవిడకి ఎదురు లేదు కూడా. నేను వాత్స్యాయనుణ్ణి అడ్డం తెచ్చుకుంటాను. కామసూత్రంలో అరవై నాలుగు కళల జాబితా ఉంది. సూదిపని, వేషం కట్టడం, పూలదండలు గుచ్చడం, వడ్రంగం, వంట, పొడుపుకథలు విప్పడం, చిలకలకీ గోరింకలకీ మాటలు నేర్పడం, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఏదో ఒకటి ఎంచుకోమని ఆయన ఎక్కడా అనలేదు. "నేనింకా చిలక దాకా రాలేదు కదే" అంటే, "అదొక్కటే తక్కువైంది" అని ఫోను పెట్టేస్తుంది.

ఏ పనిని ఎక్కడ ఆపొచ్చో తెలిస్తే ఎన్ని పనులైనా పెట్టుకోవచ్చు. ఇది ఏ క్లాసులోనూ చెప్పరు. క్రోషాలో కొక్కేనికి ఉండేది ఒక్క ముడి. దానికో పిన్నీసు తగిలించి హ్యాండుబ్యాగులో పడేస్తే పళ్ల డాక్టరు దగ్గర వంతు వచ్చేలోపు మరో వరస అవుతుంది. లెక్క తప్పితే దారం లాగితే చాలు, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. సీరియల్ చూస్తూ కూడా అల్లొచ్చు. మగ్గం పని అలా కాదు. గుడ్డని చట్రానికి డప్పు మీద తోలులా బిగించాలి, పైన ఆరి సూది, కింద దారం పట్టుకున్న రెండో చెయ్యి. మధ్యలో వదులైతే గొలుసుకుట్టు ముడుచుకుపోతుంది. ఆ చట్రం మడిచి పక్కన పెట్టేది కాదు, సగం గది తినేస్తుంది. అందుకని మా ఇంట్లో మగ్గం దిగాలంటే ముందు చుట్టాలు వెళ్లాలి. కుట్టుమిషను రాత్రి పదయ్యాక తొక్కితే కింద ఫ్లాటువాళ్లు పైకి వస్తారు. కాజాలు, హుక్కులు, హెమ్మింగ్ లాంటి చేతిపనంతా ఆ గంట తర్వాతికి దాచుకుంటాను. సూదితో ఊలు బొమ్మ చేయడానికి చప్పుడు లేదు, చోటూ అక్కర్లేదు, ఒళ్లో పళ్లెం చాలు. చూపు మాత్రం పక్కకి తిరగకూడదు. తిరిగితే సూది వేలిలో ఉంటుంది.

ఇక రుతువుల సంగతి. మే నెల హైదరాబాదులో ఊలు ఎవరు ముట్టుకుంటారు? చెమటచేతికి పోగులన్నీ అంటుకుంటాయి. ఎండాకాలం నూలుదారం, వానలు పడ్డాక ఊలు. జిగురుతో చేసే పనులు మాత్రం ఎండ ఉండగానే ముగించాలి, లేకపోతే బూజు.

వేషాల గురించి ఒక్క మాట. ఒంటికి కుట్టే బట్ట వేరు, స్టేజీకి కుట్టే బట్ట వేరు. స్టేజీ బట్టని ఎవరూ దగ్గరగా చూడరు. నాలుగో వరస నుంచి చూసేవాళ్లకి సన్నని జరీ కనపడదు, వెడల్పాటి అంచు కావాలి. కృష్ణుడి పంచె నిజంగా కడితే రెండో నిమిషానికి ఊడుతుంది. అందుకని కుచ్చిళ్లు ముందే కుట్టేసి నడుముకి ఎలాస్టిక్కు వేయాలి. కిరీటం మీద ఎంత మెరుపైనా పెట్టొచ్చు, బరువు పెడితే మాత్రం పిల్లవాడి మెడ ఒప్పుకోదు. అయిదారేళ్ల పిల్లల తలచుట్టు ఇరవై అంగుళాలకి అటూఇటూ. అయినా కొలవకుండా మొదలుపెట్టకూడదు. నా వరకు స్టేజీ బట్టలో అసలు తెలివితేటలన్నీ కూచిపూడి వేషం కుట్టే దర్జీలవే. అరమండి వేసినప్పుడు తెరుచుకుని, లేచి నిలబడగానే ముడుచుకునే ఆ విసనకర్ర మడతల్ని విప్పి చూస్తే జామెట్రీ పాఠమే. పట్టుచీర ఒకటి దాని కోసం ముక్కలవుతుంది. మొదటి కత్తెర వేసేటప్పుడు అమ్మలెవరినీ ఎదురుగా కూర్చోనివ్వకూడదు.

వేషాల పక్కన ఊలు బొమ్మ చాలా కొత్త పని. పోగుల్ని దుప్పట్లూ తివాచీలూ కార్ల లోపలి పట్టీలుగా నొక్కే ఫ్యాక్టరీ యంత్రాల్లో వేల సూదులు ఒకేసారి పైకీ కిందకీ ఆడుతుంటాయి. ఆ సూదుల్లో ఒకదాన్ని ఊడదీసి చేత్తో పట్టుకోవడం 1980ల్లో అమెరికాలో మొదలైంది. పని అంతే, పొడవడం. సూది మూడు అంచుల మీదా చిన్న చిన్న గాట్లుంటాయి. అవి పోగుల్ని లోపలికి నెట్టుకుపోతాయి, బయటికి వచ్చేటప్పుడు వదిలేస్తాయి. గొర్రె వెంట్రుకకి కంటికి కనపడని పొలుసులుంటాయి కాబట్టి లోపలికి పోయిన పోగు పక్కపోగుని పట్టుకుని కూర్చుంటుంది. ఊలు స్వెట్టర్ని వేడినీళ్లలో నానేసి బాదితే పిల్లాడి సైజుకి కుంచించుకుపోయేదీ ఈ పొలుసుల వల్లే. దారం లేదు, ముడి లేదు, జిగురు లేదు. బత్తాయంత ఊలు ముద్ద పొడిచీ పొడిచీ నిమ్మకాయంత గట్టి ఉండ అవుతుంది.

ఇందులో నాకు నచ్చేది, కుట్టుపనిలో ఉన్న భయం ఇక్కడ లేకపోవడం. గుడ్డ ఒకసారి కత్తిరిస్తే అంతే సంగతులు. ఊలు బొమ్మకి చెవి చిన్నదైతే ఇంకొంచెం ఊలు పెట్టి పొడిస్తే పెద్దదవుతుంది. కొంచెం కొంచెం కలుపుకుంటూ పోవడమే, తీసెయ్యడం మాత్రం కుదరదు. సూదుల నంబరు పెరిగేకొద్దీ సన్నబడతాయి. ఆకారం తెచ్చుకోవడానికి 36, పని నడవడానికి 38, ముఖానికి 40. సూదిని ఏ వాలులో దింపామో అదే వాలులో తియ్యాలి. వంచితే పుటుక్కున విరిగి ముక్క బొమ్మలోనే ఉండిపోతుంది. పిల్లలకిచ్చే బొమ్మైతే ఆ ముక్క దొరికేదాకా బొమ్మని పీకాల్సిందే.

అందరూ మెత్తటి మెరీనో ఊలు తెప్పించుకుంటారు. నేనూ తెప్పించుకున్నాను. తర్వాత మన దక్కనీ గొర్రె ఊలు కొంచెం దొరికింది. నల్లగా, ముతగ్గా ఉంటుంది, అరచేతిలో గుచ్చుకుంటుంది. 40 సూది దాని ముందు నిలవదు. మెరీనోతో ఒక సాయంత్రంలో అయ్యే ఉండకి దీంతో రెండు పడతాయి. కానీ ఎలుగుబంటి చేయాలంటే దీన్ని మించింది లేదు, రంగు వేయకుండానే ఎలుగుబంటి. తెలంగాణలో కురుమలు గొంగడి నేసేది ఈ ఊలుతోనే. గొర్రెల బొచ్చు కత్తిరించి, ఆడవాళ్లు వడికి, పడుగు సాగదీసి, దానికి చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేస్తారు. వానకీ చలికీ మందకాపరి భుజమ్మీద ఉండేది అదే.

చింతగింజల దగ్గర ఆగాలి. కొండపల్లిలో తెల్లపొనికి కర్రతో బొమ్మ చెయ్యీ కాలూ తలా విడివిడిగా చెక్కుతారు. వాటిని అతికేది మక్కుతో, అంటే చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో. చేర్యాలలో నకాషీలు పటం రాసే ఖాదీ గుడ్డకి పూసే పూతలోనూ చింతగింజల జిగురే. వాళ్లు చేసే ముఖాల బొమ్మల్లోనూ అదే జిగురు, అదే రంపపు పొట్టు. గొర్రెల ఊలు, కర్ర, గుడ్డ. మూడు కులాలు, మూడు చోట్లు, మూడు రకాల పనులు. గింజ ఒకటే. ఎక్కడైనా ఒక్క పనిలోనే కూర్చుని ఉంటే ఇది నా కంటపడేది కాదు. చింతపండు పిసికి గింజలు పారేసే మన వంటింట్లో ఎవరికీ పట్టని సరుకు అది. వేయించి, నల్లపొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే వచ్చే జిగురుతో ఇప్పుడు నేను కిరీటాల మీద ఎత్తు పువ్వులు దిద్దుతున్నాను. గ్లూగన్ కంటే తేలిక, వేలు కాలదు. ఆరడానికి రోజంతా పడుతుంది కాబట్టి రాత్రి ఎనిమిదింటికి తలుపు కొట్టే తల్లులకి పనికిరాదు.

పనులు మారుస్తూ పోవడంలో దక్కేది ఈ అతుకు. దక్కనిదేమిటో కూడా చెప్పాలి.

మాది పాలకొల్లు వైపు. పక్కనే నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీల చేతుల మీదుగా వచ్చిన లేసు అల్లిక అక్కడి డెల్టా ఊళ్లలో ఇంటింటి పనైంది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని వేళ్లకేసి చూడకుండా అల్లుతారు. నేను ఒక పువ్వు ముగించేలోపు వాళ్ల ఒళ్లో నాలుగుంటాయి. ఆ వేగం నాకు ఈ జన్మలో రాదు, ఇన్ని పనులు పెట్టుకున్న చేతికి అది రాకూడదు కూడా. ఐతే ఆ వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. పని ముక్కలైంది. పువ్వులు అల్లేవాళ్లు పువ్వులే అల్లుతారు. వాటిని కలిపే అతుకుపనివాళ్లు వేరు. టేబుల్‌క్లాత్ మొత్తంగా ఎలా ఉంటుందో చాలామందికి చూసే పని పడదు. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద పుస్తకం తెచ్చింది. దాన్ని చదివాక క్రోషా సంచి ముట్టుకోవడానికి కొన్నాళ్లు చెయ్యి రాలేదు. వాళ్లని పనివాళ్లు అనలేదు ఎవరూ. ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు అన్నారు. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని కూలి ఎంత తక్కువైనా ఇవ్వగలిగారు. సరుకు మాత్రం ఓడలెక్కి విదేశాలకి పోయింది.

నాకున్నది అసలైన తీరిక. ఒక పువ్వు విసుగొస్తే ఊలు ముట్టుకుంటాను, ఊలు విసుగొస్తే మిషను ముందు కూర్చుంటాను. అరుగు మీద ఆవిడకి విసుగొస్తే మార్చుకోవడానికి ఇంకో పని లేదు. ఒకే కొక్కెం, ఒకే నూలుదారం, ఒకే గొలుసుకుట్టు. అక్కడ బతుకుతెరువు, ఇక్కడ హాబీ. ఈ తేడా మర్చిపోయి "చేతిపనిలో ఎంత ప్రశాంతత ఉందో" అని రాసేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

బతుకుతెరువు కూడా అయి, చేతులు పది పనుల్లో తిరిగే మనుషులు లేకపోలేదు. సురభి వాళ్లని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలెట్టిన నాటక కుటుంబం. హైదరాబాదు లింగంపల్లిలో వాళ్ల కాలనీయే ఉంది. మాయాబజార్‌లో ఘటోత్కచుడు గాలిలో లేచేది తాళ్లూ కప్పీల మీద. ఆ తాడు లాగినవాడు పోయిన అంకంలో నటించి ఉంటాడు, పొద్దున తెరకి రంగులేసి ఉంటాడు, వాళ్లావిడ చేతిలో భుజకీర్తుల అద్దాలు ఉంటాయి. అక్కడ పిల్లలకి హాబీ అనే మాటతో అవసరం పడదు. నాటకానికి ఏది కావాలో అది నేర్చుకుంటారు. నిలకడ లేదని వాళ్లనెవరైనా అంటారా?

నన్ను మాత్రం అంటారు. అనడంతో ఆగక సలహా కూడా ఇస్తారు: "ఇంత బాగా చేస్తున్నావు, అమ్మొచ్చుగా?" ఈ మాట మంచి మనసుతోనే అంటారు కాబట్టి జవాబు చెప్పడం కష్టం. ఊలు ఎలుగుబంటికి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. ఆ సాయంత్రాలకి రోజుకూలి లెక్కన కట్టినా ప్లాస్టిక్ బొమ్మల దుకాణంలో సగం షెల్ఫు కొనొచ్చు. పైగా ఒకటి కొన్నవాళ్లు ఇంకొకటి వేరే రకంగా చెయ్యమని అడగరు. అచ్చం అలాంటివే పది అడుగుతారు.

మొన్న మూడో అంతస్తు అమ్మాయి అడిగింది కూడా. వాళ్ల పాప పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులుగా పాతిక ఎలుగుబంట్లు కావాలట, డబ్బులెంతైనా పర్లేదట. "ఎంతైనా" అన్నది ఎంతో చెప్తే తట్టుకోలేదని, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. తర్వాత దక్కనీ ఊలు గుప్పెడు, స్పాంజీ ముక్క, ఒక 36 నంబరు సూది చేతిలో పెట్టాను. "ఇదేముంది ఆంటీ, పొడవడమేగా" అంది. మొదటి ఎలుగుబంటి తలకే రెండు వేళ్లకి బ్యాండెయిడ్లు పడ్డాయి. మధ్యాహ్నానికి పాతిక కాస్తా పదైంది. చెవుల దగ్గరికి వచ్చేసరికి, పాపకి ఒక్కటి చాలు, మిగతావాళ్లకి పెన్సిలు డబ్బాలు కొంటానంది. ఆ ఒక్కదాన్ని ముగించడానికి ఇప్పుడు రోజూ వస్తోంది. నిన్న మగ్గం చట్రం వంక చూస్తూ "ఆంటీ, అదెలా చేస్తారు?" అని అడిగింది.