‘మాలపల్లి’లోని కూలి లెక్క

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని చదివిన మన గృహములవారు సంగదాసు చావునకు కన్నీరు పెట్టుదురు; జగ్గని సాహసమును మెచ్చుకొందురు. 1922లో వెలువడిన యా నవలను చెన్నపురి ప్రభుత్వము నిషేధించిన సంగతియు నెల్లరెరిగినదే. కాని మా మనస్సును పట్టి విడువనిది అందలి కూలి లెక్క. ధాన్యపు ధర పెరిగిన నాడు గింజలకు మారుగా రొక్కము పుచ్చుకొమ్మనుటలో ఎంత యన్యాయమున్నదో, గుంటూరు సీమలో పొలముగట్టు తొక్కినవాడు గాని వ్రాయలేడు. గ్రంథకర్త వేములూరుపాడున పుట్టినవాడు. ఆ లెక్క ఆయనకు పుస్తకములలో దొరికినది కాదు.

నవలలోని సెటిల్మెంటు ఘట్టమును కొందరు అతిశయోక్తి యందురు. బాపట్ల చెంత స్టూవర్టుపురము 1913 ప్రాంతమున ఏర్పడినది. సాల్వేషన్ ఆర్మీవారు దానిని నడిపిరి. నేరస్థజాతుల చట్టము క్రింద అచ్చటి ఎరుకలవారు అనుమతి లేక ఊరు దాటరాదు. చీరాల పొగాకు కర్మాగారమునకు కూలీలుగా పోయినవారును వారిలో కలరు. పోవుటకు వీలులేని మనుష్యుడు చేయు పనికి కూలి యిచ్చినంత మాత్రమున అది స్వేచ్ఛ యగునా? ఆ చట్టము చెన్నరాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను రద్దయినది. నవలకారుడు అంతకు పాతికేండ్లు ముందే దానిని బోనెక్కించెను.

గ్రంథమున లోపము లేదనము. జగ్గడు ప్రవేశించినప్పుడెల్ల లెక్క మరుగున పడును. ధనికుని దోచి పేదకు పంచు వీరుని చూచి పాఠకుడు ఊరడిల్లి పుస్తకము మూయును. తత్త్వోపన్యాసములును కొంత దీర్ఘములు. అయినను మాటల సొంపుచేత, పల్లెవారి నుడికారముచేత అవి సహింపదగియున్నవి.

ఇది గతించిన కాలపు కథ యనువారితోనే మాకు పేచీ. మిరపకోతలకు కర్నూలు వైపునుండి నేటికిని కుటుంబములు కుటుంబములుగా మన పల్లెలకు వచ్చుచున్నవి. వచ్చినవారందరును బానిసలని మేమనము. అయితే మేస్త్రీ ముందుగా ఇచ్చిన బయానా తీరువరకు కదలరాదను నిర్బంధ మెక్కడ కలదో, అక్కడ నవల ముగియలేదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము అట్టి బాకీని రద్దు చేసినది. మనుష్యుల రవాణాను శిక్షించుటకు 2013లో సవరింపబడిన శిక్షాస్మృతియు, 2024నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 143వ విభాగమును, బాధితుని సమ్మతి లెక్కకు రాదని చెప్పుచున్నవి.

సమ్మతి! మన యరుగులమీద వినబడు సమాధానమంతయు ఆ యొక్క మాటయే గదా: “వాడే వచ్చి చేయి చాచి పుచ్చుకొన్నాడండీ.” మేమును చిన్ననాట మా లోగిలిలో ఆ మాట విని తలయూచినవారమే. పాలేరు వ్రేలిముద్ర వేసిన కాగితము దూలము సందున నుండెడిది. దానిమీద అసలెంతయో, వడ్డీ యెంతయో చదివి చెప్పుమని అతడు మమ్మొకనాడు అడిగెను. మాకప్పుడు చదువు వచ్చును, చదివి చెప్పలేదు.