అట్ల ఎవలు పిలుస్తున్రు?

మొగులు ఉరిమితే మా అవ్వ వాకిట్ల ఎండబోసిన మిరపకాయలు ఎత్తుకుంటూనే "అర్జునా, ఫల్గుణా" అని మొదలుపెట్టేది. పిల్లలం ఆమె వెనకే అందుకునేవాళ్లం. కిరీటి అంటే ఏందో, బీభత్సుడు ఎవరో మాకు తెలియదు. ఆ పేర్లన్నీ ఒక్క మనిషివేనని, అన్నీ చదివితే పిడుగు మన ఇంటి మీద పడదని మాత్రం తెలుసు.

మొన్నటి వానకాలం రాయికల్‌లో అదే వాకిట్లో మా చెల్లె బిడ్డ ఫోన్ చూస్తూ విసుక్కుంది. బాహుబలి సినిమా కథను ఎవరో అభిమాని ముందుకు సాగించి రాస్తున్నారు. అందులో దేవసేన "దేవు" అయింది, బాహుబలి "బాహు" అయ్యాడు. "ఈ దేవు ఎవరు మామా? చదవబుద్ధి అయితలేదు" అంది. బీడీల ఆకు కత్తిరిస్తున్న మా అమ్మ తలెత్తకుండానే అడిగింది: "అట్ల ఎవలు పిలుస్తున్రు ఆమెను?"

"ఎవరూ పిలవరు అమ్మమ్మా. రాసినామె అంటది."

"మరి రాసినామె ఏం చుట్టమైతది?"

ఫ్యాన్ ఫిక్షన్ చదివే లోకమంతా పడే చిరాకు ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. హ్యారీ పోటర్ అభిమానుల కథల్లో హెర్మయొనీని "మియోన్" అంటే మండిపడే పాఠకులున్నారు. అసలు నవలలోనే గ్రాప్ అనే రాకాసి ఆమెను "హెర్మీ" అంటాడు, దానికి ఎవరికీ కోపం రాదు. వాడికి అంత పేరు నోరు తిరగదు కాబట్టి వాడి అన్న హాగ్రిడ్ ఆ పొట్టి పేరు నేర్పాడు. పిలిచేవాడున్నాడు, పిలవడానికి కారణముంది. ముద్దుపేరుకు కావలసినవి ఈ రెండే. ఇవి మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

అవ్వ చదివిన పేర్లనే తీసుకుందాం. విరాటపర్వంలో ఉత్తరుడు జమ్మిచెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కనున్న బృహన్నల తానే అర్జునుణ్ణంటే నమ్మలేదు. అర్జునుడికి పది పేర్లుంటాయట, అవి ఎందుకొచ్చాయో చెప్పమన్నాడు. అర్జునుడు ఒక్కో పేరుకూ లెక్క చెప్పాడు. రాజ్యాలు గెలిచి ధనం తెచ్చాడు గనుక ధనంజయుడు. రెండు చేతులా గాండీవం లాగగలడు గనుక సవ్యసాచి. ఇంద్రుడు తలమీద కిరీటం పెట్టాడు గనుక కిరీటి. యుద్ధంలో రోత పుట్టే పని చేయడు గనుక బీభత్సుడు. నల్లని పిల్లవాడని తండ్రి ముద్దుగా పెట్టుకున్నది కృష్ణుడు. లెక్క కుదిరాకే ఉత్తరుడు దండం పెట్టాడు. పేర్లకు రుజువు అడిగిన తొలి పాఠకుడు అతనే అనుకోవచ్చు.

అదే పర్వంలో ఇంకో రెండు వరసల పేర్లున్నాయి. కంకుభట్టు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు అజ్ఞాతవాసంలో పాండవులు కొలువు కోసం పెట్టుకున్న దొంగపేర్లు. జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు తమలో తాము పిలుచుకోవడానికి దాచుకున్న గుట్టుపేర్లు. కీచకుడి శవంతో పాటు కాల్చడానికి ఉపకీచకులు ద్రౌపదిని కట్టి మోసుకుపోతుంటే ఆమె ఈ గుట్టుపేర్లతోనే అరిచింది. నలుగురికీ ఎవరి పేర్లో తెలియనివి, భీముడికి మాత్రం తెలిసినవి. గోడ దూకి వచ్చాడు. పేరు అక్కడ అలంకారం కాదు, ప్రాణం కాపాడే పని చేసింది.

పేరును కథ బయటినుంచి తెచ్చి అతికించిన మొనగాడు కూడా మన పక్కనే ఉన్నాడు. సిరిసిల్ల జిల్లా వేములవాడలో చాళుక్య అరికేసరి కొలువులో పంపకవి 941లో కన్నడంలో విక్రమార్జున విజయం రాశాడు. అతను పరాయివాడు కాదు. అతని తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల బొమ్మలమ్మగుట్ట మీద సంస్కృతం, కన్నడాలతో పాటు తెలుగు కందాలూ చెక్కించాడు. పంపడి కావ్యంలో అర్జునుడు అంటే అరికేసరే. అందుకే అర్జునుణ్ణి రాజు బిరుదులతో పిలుస్తాడు: గుణార్ణవుడు, ఉదాత్తనారాయణుడు, సామంతచూడామణి. అరికేసరి పొట్టిపేరు "అరిగ" కూడా పాండవ మధ్యముడికి పెట్టేశాడు. ఇవాళ్టి లెక్కలో ఇది నిఖార్సైన ఫ్యాన్ ఫిక్షన్, అదీ రాజుగారిని హీరోగా పెట్టి రాసింది.

మరి పాఠకుడికి చిరాకు రాలేదా? అరికేసరి ఎవరో తెలియకుండా చదివితే ఇప్పటికీ కాలికి రాయి తగిలినట్టే ఉంటుంది. కానీ పంపడు పేరు మార్చి ఊరుకోలేదు, దానికి తగ్గట్టు కథనూ మార్చాడు. అతని ద్రౌపది అర్జునుడొక్కడికే భార్య. యుద్ధం గెలిచాక పట్టాభిషేకం ధర్మరాజుకు కాదు, అర్జునుడికి, పక్కన సుభద్రకు. పేరు తెచ్చిన బరువును కథంతా మోసింది. "దేవు" వల్ల దేవసేన కథలో ఒక్క చీపురుపుల్ల కూడా కదలదు. తేడా అక్కడే.

మన ఊళ్లలో పేరు ఎట్లా పుడుతుందో చూస్తే ఇదంతా ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే వాడలో ముగ్గురు రాజయ్యలుంటే ఒకాయన దుబాయి రాజయ్య, ఒకాయన భివండి రాజయ్య, ఇంకొకాయన మర్రిచెట్టు కాడి రాజయ్య. ఎవరికి వాళ్లు పెట్టుకున్నవి కావు, వాడ పెట్టినవి. దేవుళ్లకూ అంతే. రాజరాజేశ్వరుడు వేములవాడ రాజన్న, ఆంజనేయుడు కొండగట్టు అంజన్న, ధర్మపురి లక్ష్మీనరసింహుడు నర్సన్న. సంస్కృత సమాసాన్ని నరికి చివర ఒక "అన్న" తగిలించాం. అది పొట్టి చేయడం కాదు, వరస కలుపుకోవడం. అన్న అన్నాక కోడె కట్టే హక్కు, కోపం వస్తే అలిగే హక్కు వస్తాయి.

ఒగ్గుకథలో ఈ వరసే వేషం. వేములవాడ దగ్గరి హనుమాజిపేట మిద్దె రాములు లాంటి కళాకారుడు ఒక్కడే కథకుడవుతాడు, మల్లన్న అవుతాడు, మరుక్షణం ఆడమనిషి అవుతాడు. డోలు మోత మధ్య తెరలు మార్చే వీల్లేదు. ఎవరు ఎవరిని ఏమని పిలిచారన్నదాన్ని బట్టే ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరో జనం పట్టుకుంటారు. మల్లన్న భార్యలు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. పేరులోనే కులమూ పుట్టిల్లూ కట్టి ఉన్నాయి. పిలుపు తప్పితే కథ తప్పుతుంది. రాసేవాళ్లు నేర్చుకోదగిన మొదటి పాఠం ఇదే: పాత్రను పొట్టిపేరుతో పిలిచేది ఇంకో పాత్ర కావాలి, కథకుడు కాదు.

రెండో పాఠం 1957 నాటి మాయాబజార్‌లో ఉంది. అభిమన్యుడి శశిరేఖా పరిణయం వ్యాసుడు రాసింది కాదు, భారతం మీద ప్రేమతో మనవాళ్లు అల్లుకున్నది. పింగళి నాగేంద్రరావు అందులో "తసమదీయులు" అనే లేని మాటను పుట్టించారు. అయితే విన్నవాడికి కలిగే అనుమానాన్ని కూడా తెరమీదే అడిగించి, మాటలు ఎవరో ఒకరు పుట్టించాల్సిందే కదా అని ఘటోత్కచుడి చేత మెచ్చుకోలు ఇప్పించారు. కొత్త మాటకు వచ్చే చిరాకును కథలోనే తీర్చేశారు.

పేరు పొట్టిదైనంత మాత్రాన తేలికైనది కాదు. మిద్దె రాములు ఊరివాడే అయిన సింగిరెడ్డి నారాయణరెడ్డి, "విశ్వంభర"తో జ్ఞానపీఠం అందుకున్న కవి, తెలుగు జనం నోట సినారె. ఇంటిపేరూ పేరూ కులమూ మూడక్షరాల్లో ఒదిగాయి. చదివినవాళ్లు, పాడుకున్నవాళ్లు పిలిచీ పిలిచీ నున్నబడ్డ పేరు అది.

వారం పోయాక మా మేనకోడలు తనే దేవసేన మీద ఒక కథ రాసి వినిపించింది. మొదటినుంచి చివరిదాకా దేవసేన దేవసేనే. ఒక్కచోట మాత్రం, కుంతల రాజ్యంలో జ్వరంతో మూలుగుతున్న ఆమె నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ఒకామె "దేవూ, కొంచెం గంజి తాగు" అంటుంది.

"ఎవలామె?" అంది అమ్మ.

"వదిన."

అమ్మ ఆకుల చాట దగ్గరికి లాక్కుంది. "వదినైతే పిలుస్తది. ఆ, చదువు."