పాఠ్యప్రణాళికా నిర్మాతగా గిడుగు రామమూర్తి పంతులు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని తెలుగువారు వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా స్మరిస్తున్నారు. వారు జన్మించిన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటున్నారు. ఆనాటి సభలలో వారి పటమునకు పూలమాల వేయుట, గ్రాంథిక వ్యావహారిక వాదములను తలచుకొనుట పరిపాటియైనది. కాని వారు ముప్పది యేండ్లు ఉపాధ్యాయులుగా పనిచేసినవారనీ, వారి భాషావాదమునకు మూలము తరగతిగదియేననీ గుర్తుచేసేవారు అరుదు. పంతులుగారిని భాషావాదిగా గాక పాఠ్యప్రణాళికా నిర్మాతగా చూచినచో, వారి కృషిలోని బలమును, లోపమును కూడ మరింత స్పష్టముగా తెలుసుకొనవచ్చును. ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఈ పరిశీలన మిక్కిలి అవసరము. ఏలయనగా వారి బిడ్డలు నేడు చదివే చదువు చాలవరకు ఇతరులు నిర్ణయించినది.

పాఠ్యప్రణాళిక అనగా పాఠముల పట్టిక కాదు. ఏ వయసు పిల్లలకు ఏమి నేర్పవలెను, ఏ భాషలో నేర్పవలెను, ఏ వరుసలో నేర్పవలెను, నేర్చినదానిని ఎట్లు పరీక్షింపవలెను అను నాలుగు ప్రశ్నలకు పొందికగల సమాధానమే పాఠ్యప్రణాళిక. ఈ నాలుగింటిలో ఒకదానికి మంచి సమాధానము చెప్పి తక్కిన మూడింటిని విడిచిపెట్టినవారు మన చరిత్రలో పలువురు ఉన్నారు.

రామమూర్తిగారికి పూర్వము తెలుగు పిల్లల చదువును తీర్చిదిద్దిన గ్రంథములలో రెండింటిని ముఖ్యముగా చెప్పవలెను. 1832లో పుదూరు సీతారామశాస్త్రిగారు కూర్చిన బాలశిక్ష మొదటిది. అది క్రమముగా పెరిగి పెద్దబాలశిక్షయై ఇంటింటి గ్రంథమైనది. అక్షరములు, గుణింతములు, లెక్కలు, తిథివార నక్షత్రములు, నీతివాక్యములు అన్నియు అందులో ఉన్నవి. గృహస్థునకు కావలసిన విజ్ఞానమును ఒకచోట చేర్చుట దాని ప్రయోజనము. ఆ పనిని అది చక్కగా నెరవేర్చినది. అయితే అది ఒక భాండాగారమే కాని సోపానము కాదు. ఏ మెట్టు తరువాత ఏ మెట్టు ఎక్కవలెనో నిర్ణయించే భారము పంతులుమీదనే పడినది.

రెండవది పరవస్తు చిన్నయసూరిగారు 1853లో ప్రకటించిన నీతిచంద్రిక. తెలుగు వచనమునకు అది ఒరవడి అయినది. 1858నాటి బాలవ్యాకరణము దానికి తోడైనది. ఆ వచనముయొక్క సౌష్ఠవమును ఎవరును కాదనలేరు. కాని ప్రణాళికగా చూచినప్పుడు ఒక చిక్కు ఉన్నది. గ్రంథము గమ్యముగా ముందే స్థిరపడినది. పిల్లవాడు ఎక్కడనుండి బయలుదేరుతున్నాడో విచారింపలేదు. ఇంటిలో మాటలాడే భాషకును పుస్తకమునకును నడుమనున్న దూరమును పిల్లవాడే నడువవలసివచ్చినది. నడువలేనివాడు మందబుద్ధి అనిపించుకొన్నాడు.

రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. ఆ ప్రాంతపు కొండలలోని సవరలకు చదువు లేదు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో గాని ఒడియాతో గాని దానికి చుట్టరికము లేదు. సవరలకు చదువు చెప్పదలచినవాడు తెలుగు వాచకమును తీసికొని కొండ ఎక్కుట సులభమైన మార్గము. పంతులుగారు ఆ మార్గమును పట్టలేదు. సవర, తెలుగు రెండును తెలిసిన ఒక మనిషిని ఇంటిలో ఉంచుకొని ఆ భాషను నేర్చుకొన్నారు. కొండలలో తిరిగి పాటలను, కథలను సేకరించినారు. చలిజ్వరమునకు వాడిన క్వినైను వలన వినికిడి కోల్పోయినారు. పిమ్మట వాచకములు వ్రాసినారు. సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించినారు. ప్రభుత్వమువారు ఆ పుస్తకములకు పారితోషికము ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుమని కోరినట్లు వారి జీవితకారులు చెప్పుతారు.

ఇక్కడ గమనింపవలసినది త్యాగము మాత్రమే కాదు, పని జరిగిన వరుస. మొదట వినుట, తరువాత సేకరించుట, ఆపైన వాచకము, దానితోపాటే బడి. వ్యాకరణము వెలువడినది 1931లో. సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది 1938లో. సాధారణముగా విద్వాంసుల పద్ధతి ఇందుకు తలక్రిందులుగా ఉండును. వ్యాకరణమును బట్టి వాచకము, వాచకమును బట్టి పాఠము, పాఠమును బట్టి పిల్లవాడు. పంతులుగారి పద్ధతిలో పిల్లవాని నోటిమాట మొదటిది, శాస్త్రము చివరిది. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలలో మూడింటికి వారు ఈ పనిలో సమాధానము చెప్పినారు. ఈ కారణముచేత, సవర వాచకముల పనిని వారి భాషావాద గ్రంథములకు అనుబంధముగా గాక, వాటికి పునాదిగా ఎన్నవలెను.

1907 ప్రాంతములో జె. ఏ. యేట్స్ అను దొర ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చినారు. ప్రజలు మాటలాడే తెలుగునకును బడిలో నేర్పే తెలుగునకును ఇంత భేదమేల అని వారు ప్రశ్నించినారు. విశాఖపట్టణములో కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావుగారు, రామమూర్తిగారు ఆ ప్రశ్నను తమదిగా చేసికొన్నారు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును ఆధునిక భాషలో వ్రాయుటకు కొంతకాలము అనుమతి లభించినది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షమున జయంతి రామయ్య పంతులుగారు తీవ్రముగా ప్రతిఘటించినారు. 1914లో అప్పారావుగారు తమ అసమ్మతి పత్రమును సమర్పించినారు. అయినను ప్రభుత్వము వెనుకకు తగ్గినది. ఆ అనుమతి నిలువలేదు.

ఈ ఓటమినుండి ప్రణాళికా నిర్మాతలు నేర్వవలసిన విషయము ఒకటి ఉన్నది. వాచకము ఎంత మంచిదైనను, పరీక్ష దానికి విరుద్ధముగా ఉన్నచో, ఉపాధ్యాయుడు పరీక్షనే అనుసరిస్తాడు. నాలుగవ ప్రశ్న చేతిలో లేనివానికి మొదటి మూడు ప్రశ్నల సమాధానములు నిలువవు. సవర బడులలో పంతులుగారికి ఈ చిక్కు రాలేదు; అక్కడ పై అధికారి పరీక్ష లేదు. తెలుగు బడులలో ఆ పరీక్షను శాసించే సంఘము వేరొకచోట ఉన్నది.

ప్రతిపక్షుల వాదమును తేలికగా తీసివేయుట న్యాయము కాదు. మాటలాడే భాష జిల్లాకొక తీరుగా ఉండగా దేనిని పుస్తకములో పెట్టవలెనని వారు అడిగినారు. వెలుపలి తెలుగువారికి ఈ ప్రశ్న నేటికిని సజీవము. పర్లాకిమిడి వీథిలో పిల్లవాడు 'గుంటడు'; హోసూరు పల్లెలో నాయనమ్మ 'అవ్వ'; షోలాపురము సాలెవారి ఇంటిలో పడుగు, పేక, నాడె నిత్యము వినిపించే మాటలు. ఈ ముగ్గురు పిల్లలకు ఒకే వాచకము చాలునా? పంతులుగారు చెప్పిన సమాధానము శిష్ట వ్యావహారికము. పెద్ద తరగతులకు అది సరిపోవును. మొదటి రెండు మూడు తరగతులకు అది చాలదు. అక్కడ పిల్లవాని ఇంటిమాటతో మొదలుపెట్టి, మెల్లగా అందరి తెలుగునకు తీసికొనిపోవలెను. సవరల విషయములో పంతులుగారు చేసినది సరిగా ఇదే. తెలుగు పిల్లలకు అట్టి మెట్లను వారు తరగతివారీగా కట్టియిచ్చినారని చెప్పలేము. బాలకవి శరణ్యము, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము, గద్య చింతామణి వంటి వారి ప్రసిద్ధ గ్రంథములు పండితులను ఒప్పించుటకు వ్రాసినవి. పూర్వ ప్రయోగములను వెదకి వాదమును గెలుచుటకు వెచ్చించిన శ్రమలో కొంత భాగము ఒకటవ తరగతి వాచకమునకు వినియోగపడినచో మేలు ఇంకను అధికముగా ఉండేది.

మరి రెండు లోపములను కూడ చెప్పవలెను. సవర పనికి వారి దేహము, వారి ధనమే ఆధారము. కుమారులు సీతాపతిగారు ఆ కృషిని కొనసాగించినను, అది ఒక కుటుంబపు దీక్షగానే నిలిచినది. దానిని మోసే సంస్థ ఏర్పడలేదు. ఇక లిపి. పంతులుగారు సవరకు తెలుగు లిపిని వాడినారు. ఆనాటి పరిస్థితిలో అది సహజమే. కాని 1936లో సవరలలోనే మంగై గొమాంగో అను ఆయన సోరంగ్ సొంపెంగ్ అను వేరొక లిపిని కల్పించినారు. ఒక జాతికి ప్రణాళిక వ్రాసేవారు ఎంత ప్రేమగలవారైనను, ఆ జాతివారిని నిర్ణయములో భాగస్వాములను చేయకున్నచో, వారు తమ దారిని తామే వెదకుకొంటారనుటకు ఇది నిదర్శనము.

అదే 1936వ సంవత్సరము పంతులుగారి జీవితములో కఠినమైనది. ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినది. పర్లాకిమిడి అందులో చేరినది. దానిని ఎదిరించి పోరాడిన పంతులుగారు, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరినారు. 1940 జనవరి 22న పరమపదించినారు. సవర పిల్లవానికి పరభాషలో చదువు చెప్పరాదని వాదించినవారి ఊరిలో, తెలుగు పిల్లవాడే అల్పసంఖ్యాక భాషీయుడైనాడు. రాష్ట్రముల పునర్విభజన వేళ, 1956లో, రాజ్యాంగములో చేర్చిన 350–ఏ అధికరణము అట్టి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమును ఆదేశిస్తున్నది. ఆ బోధనకు ప్రణాళికను ఎవరు వ్రాయవలెనో అది చెప్పదు.

ఆ ఖాళీని ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క విధముగా పూరించినది. మహారాష్ట్రలో 1967లో ఏర్పడిన బాలభారతి సంస్థ తెలుగుతో సహా పలు భాషలలో పుస్తకములు ముద్రించినది. తమిళనాడులో 1970లో పాఠ్యపుస్తక సంస్థ వెలసినది. 2006లో అక్కడ తమిళాభ్యసన చట్టము వచ్చి, 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున తమిళము నిర్బంధ విషయమైనది. యానాములో బహుకాలము ఆంధ్రప్రదేశ్ పుస్తకములనే చదివినారు. ఈ ఏర్పాట్లలో రెండు పద్ధతులు కనబడుతవి. ఒకటి ఎరువు తెచ్చుకొనుట. రెండవది ఆ రాష్ట్రపు పుస్తకమును తెలుగు చేయుట. ఎరువు పుస్తకములో పిల్లవాని ఊరు ఉండదు. అనువాద పుస్తకములో పిల్లవాని భాష ఉండదు. వాక్యము తెలుగు అక్షరములలో ఉండునే కాని నడక వేరు. రెండింటిలోను మొదటి మెట్టు అయిన 'వినుట' లోపించినది.

ఈ లోపమునకు కారణము ద్రోహము కాదు. ఆ పని తెలిసినవారు లేకుండుట. ప్రణాళికా నిర్మాణము ఒక వృత్తియని మన సంఘములు ఇంకను గుర్తింపలేదు. వైద్యవిద్యకు, యంత్రవిద్యకు విద్యార్థివేతనములిచ్చే సంఘములు, పాఠ్యప్రణాళికను అభ్యసించే యువకునకు ఇచ్చుట అరుదు. వేసవి సెలవులలో పది దినములు ఉపాధ్యాయులను కూర్చుండబెట్టి, దారిఖర్చులిచ్చి, పుస్తకము వ్రాయించుటతో పని ముగిసినదనుకొంటున్నారు. పది దినములలో అనువాదము పూర్తి కావచ్చును. ప్రణాళిక పూర్తి కాదు.

ఈ వృత్తికి నాయకత్వము వహించేవారికి కావలసిన సామగ్రి పంతులుగారి జీవితములోనే ఉన్నది. కొన్నియేండ్లు చిన్న తరగతులలో బోధించి ఉండవలెను. ధ్వనిశాస్త్రము, మాండలిక పరిశీలనము తెలిసి ఉండవలెను. ఆ రాష్ట్రపు భాషలో వాదింపగల సామర్థ్యము కావలెను. పరీక్షలను శాసించే సంఘము ఆ భాషలోనే ఆలోచిస్తుంది. వ్రాసినదానిని ఒక ఏడాది కొన్ని బడులలో వాడి చూచి, పిల్లవాడు తడబడినచోట దిద్దే ఓర్పు ఉండవలెను. ఇందుకు తగిన విద్యాస్థానములు దూరమున లేవు. 1969లో ఏర్పడిన భారతీయ భాషల కేంద్రసంస్థ మైసూరులో ఉన్నది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి ప్రాంతీయ విద్యాసంస్థలు మైసూరులోను, భువనేశ్వరములోను ఉన్నవి. కర్ణాటకములోను, ఒడిశాలోను ఉన్న తెలుగు యువకులకు ఇవి ఇంటిముంగిటనే ఉన్నట్లు.

పంతులుగారి పద్ధతికి ప్రభుత్వముల అంగీకారము ఆలస్యముగానైనను లభించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2003–04 ప్రాంతమున ఎనిమిది గిరిజన భాషలలోను, ఒడిశాలో 2006–07లో పది భాషలలోను బహుభాషా విద్య మొదలైనది. రెండు పట్టికలలోను సవర ఉన్నది. అది పిల్లవాని ఇంటిభాషతో ఆరంభించి రాష్ట్రభాషకు తీసికొనిపోయే ప్రణాళిక. సవర పిల్లవానికి సాధ్యమైనది హోసూరు, షోలాపురము, పర్లాకిమిడి తెలుగు పిల్లలకు అసాధ్యము కానేరదు. ఆగస్టు 29న పటమునకు మాలవేసే ప్రతి సంఘము, ఆ వేడుక ఖర్చులో కొంత మిగిల్చి, తమ ప్రాంతపు ఉపాధ్యాయుడొకనిని ఈ విద్యకై ఏటేట పంపినచో, పదేండ్లలో వెలుపలి తెలుగువారికి తమ వాచకమును తామే వ్రాసికొనగలవారు ఏర్పడుతారు.