చౌక మందు – చెల్లించిన మూల్యము

ఎయిడ్స్ చికిత్సా చరిత్రలో స్టావుడిన్ అను మందు మేలును చేసినది, కీడును చేసినది. రెండింటికిని కారణ మొక్కటే.

హెచ్.ఐ.వి. వైరస్ తన ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చుకొననిదే వృద్ధి చెందజాలదు. ఆ పని చేయు ఎంజైము, స్టావుడిన్‌ను డి.ఎన్.ఎ. గొలుసులోని పూసయే యని భ్రమించి చేర్చుకొనును. తరువాతి పూసను తగిలించు కొక్కెము దానికి లేదు. గొలుసు అచ్చటనే ఆగిపోవును.

అయితే మన కణములకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలలోని ఎంజైము కూడ ఈ వేషమునకు మోసపోవును. అందుచే కొంతకాలమునకు అనేకులకు అరికాళ్ళు మండును, బుగ్గలు పీక్కుపోవును. అరుదుగా రక్తములో లాక్టిక్ ఆమ్లము పెరిగి ప్రాణాపాయము కలుగును.

2001లో సిప్లా కంపెనీ స్టావుడిన్‌తో కూడిన మూడు మందుల చికిత్సను రోజుకు డాలరు లోపు ధరకే ఇవ్వజూపినది. ఇట్టి చౌక మందులవలన పేద దేశములలో ఎందరో బ్రతికిరి. ఈ మేలు కాదనరానిది. కాని సంపన్న దేశములు చాలవరకు విడిచిన పిమ్మటను పేదలు దీనినే మ్రింగవలసివచ్చినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని క్రమముగా మానుడని చెప్పినది 2009లో.

పీక్కుపోయిన బుగ్గలు రోగి దాచుకొన్న రహస్యమును ఊరికి చాటును. ఆ వెరపుతో మందు మానినచో వైరస్ మరల విజృంభించును. కావున మాత్ర ధరను మాత్రమే లెక్కించి మందును చౌక యనుట అసంపూర్ణమైన లెక్క.